హాస్టలులో మన బిడ్డల నిద్ర



పట్నములో చదువుకుంటున్న బిడ్డకు ఫోను చేసినప్పుడు మనము అడిగే మాటలు ఇంచుమించు అన్ని ఇండ్లలోను ఒకటే. అన్నము తిన్నావా అంటాము. డబ్బులు సరిపోయినవా అంటాము. ఫీజు కట్టావా, పరీక్షలు ఎప్పుడు, ఆదివారము గుడికి వెళ్ళావా అంటాము. ఇవి అడగవలసినవే. అయితే "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, నిద్ర పట్టిందా" అని అడిగే తల్లిదండ్రులు మాకు తెలిసినంతలో చాలా తక్కువ. పొలములో ఒళ్ళు వంచి వచ్చినవానికి నిద్ర దానంతటదే వస్తుంది గనుక అందరికీ అలాగే వస్తుందని మనము అనుకుంటాము. అది అడగవలసిన సంగతి అని కూడ మనకు తోచదు.

తోచవలసిన కాలము వచ్చింది. మా సంఘములోనే కాదు, చుట్టుప్రక్కల ఊళ్ళ సంఘములలో కూడ డిగ్రీకి, ఇంజనీరింగుకు, నర్సింగుకు, పీజీకి వెళ్ళిన పిల్లలు ఈ పది పదిహేను సంవత్సరాలలో బాగా పెరిగారు. వీరిలో చాలామంది తమ ఇంటి నుండి మొట్టమొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కినవారు. దేవునికి స్తోత్రము. అయితే సెలవులకు వచ్చిన బిడ్డను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చే తల్లిదండ్రులు కూడ పెరిగారు. "అయ్యగారూ, పిల్ల మునుపటిలాగ లేదండి, ఊరకనే ఏడుస్తుంది, ప్రార్థన చేయండి" అని ఒకరు. "వీడికి బద్ధకము ముదిరిందండి, పొద్దెక్కితే గాని లేవడు" అని ఇంకొకరు. ప్రేమ వ్యవహారమేమోనని కొందరి అనుమానము. గాలి సోకిందని, ఎవరో ఏదో చేయించారని మరికొందరి భయము. మేము ప్రార్థన చేస్తాము. చేసిన తరువాత పెద్దవారిని వరండాలో కూర్చోమని చెప్పి, బిడ్డను ఈ మాట అడుగుతాము: "హాస్టలులో రోజూ ఎన్నింటికి పడుకుంటున్నావమ్మా? ఎన్నింటికి లేస్తున్నావు?"

జవాబులు వింటే మన ఊరివారికి నమ్మబుద్ధి కాదు. రెండింటికి అంటారు, మూడింటికి అంటారు. ఒక రాత్రి తెల్లవార్లు మేలుకొని, మరునాడు క్లాసు మానేసి సాయంత్రము దాకా పడుకున్నామంటారు. "నాలుగు గంటలు పడుకుంటే ఎక్కువే అయ్యగారూ" అని ఒక అబ్బాయి మాతో గొప్పగానే చెప్పాడు. నిద్ర మానడము అతనికి కష్టపడి చదవడానికి గుర్తు. 18 నుండి 25 సంవత్సరాల వయస్సువారికి రోజుకు 7 నుండి 9 గంటల నిద్ర కావాలని నిద్ర నిపుణులు చెబుతున్నారు. మన బిడ్డలలో ఎందరికి అది దొరుకుతున్నదో మీరే అడిగి చూడండి.

మనస్సు బాగులేకపోతే నిద్ర పట్టదన్నది అందరికీ తెలిసిన సంగతే. కూతురి పెండ్లి నిలిచిపోయినా, మిర్చి ధర పడిపోయినా ఆ రాత్రి కన్ను మూతపడదు. అందుచేత బిడ్డకు నిద్ర లేదని తెలిసినా, "మనస్సులో ఏదో ఉంది, అది పోతే నిద్ర అదే వస్తుంది" అని ఊరుకుంటాము. ఈ మాటలో సగమే నిజమున్నది. మిగిలిన సగము ఏమిటంటే, నిద్ర చెడిపోవడము వలన కూడ మనస్సు చెడుతుంది. ఇది ఎవరో ఊహించి చెప్పినది కాదు.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ ఫ్రీమన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆయనతో పనిచేసేవారు కలసి, ఆ దేశములోని 26 విశ్వవిద్యాలయాల నుండి నిద్ర పట్టక బాధపడుతున్న 3,755 మంది విద్యార్థులను తీసుకున్నారు. వారిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి నిద్రను సరిచేసుకునే పాఠములు కంప్యూటరు ద్వారా నేర్పారు. రెండవ భాగానికి ఆ పాఠములు ఇవ్వకుండా, మామూలుగా దొరికే వైద్యానికి వదిలిపెట్టారు. ఈ పాఠములు నిద్రను బాగుచేయడానికే ఉద్దేశించినవి. ఇతరులు తమకు కీడు చేస్తారన్న అనుమానానికి గాని, లేని శబ్దములు వినబడడానికి గాని అందులో వేరే చికిత్స లేదు. పది వారాల తరువాత చూస్తే, పాఠములు నేర్చుకున్నవారికి నిద్ర కుదుటపడింది. దానితోపాటు వారి దిగులు తగ్గింది, ఆందోళన తగ్గింది, ఆ అనుమానములు, శబ్దములు కూడ కొంత తగ్గినవి. 2017లో ఈ ఫలితములు ప్రచురించారు. తగ్గినది కొద్దిగానే అని, చాలామంది పాఠములు మధ్యలో మానేశారని కూడ వారు దాచకుండా వ్రాశారు. అయినా ఆ కొద్దిలోనే అసలు సంగతి ఉన్నది. నిద్ర ఒక్కదాన్ని పట్టుకొని సరిచేస్తే, మనస్సు కొంతమేరకు దానితో సరి అయింది.

పొలములో నీరు నిలిచి పైరు పచ్చబడితే, తెలిసిన రైతు ముందుగా మందు డబ్బా ఎత్తడు. పార తీసుకొని కాలువ కొడతాడు. నీరు పోతే పైరు దానంతట అది లేస్తుందా లేదా అని చూస్తాడు. లేవకపోతే అప్పుడు మందు సంగతి. బిడ్డ మనస్సు విషయములో నిద్ర అటువంటి కాలువ. అక్కడ పని సులువు, ఖర్చు లేదు, ఎవరికీ సిగ్గు లేదు. "నీ మనస్సులో ఏముంది చెప్పు" అంటే బిగుసుకుపోయే బిడ్డ కూడ, "నిద్ర పడుతున్నదా" అంటే నోరు తెరుస్తుంది. ఇది మేము చాలాసార్లు చూశాము.

ఇక్కడ ఒక కుటుంబము సంగతి చెప్పాలి. ఊరు, పేరు చెప్పము. రెండు సంవత్సరాల క్రిందట డిగ్రీ రెండవ సంవత్సరము చదివే ఒక అమ్మాయిని ఆమె తండ్రి హాస్టలు నుండి తీసుకొనివచ్చాడు. గదిలోనివారు తనను గురించే గుసగుసలాడుతున్నారని ఆమె అనేది. రాత్రి ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారని అనేది. దయ్యము పట్టిందని బంధువులు తేల్చారు. దూరములో ఒకచోట మూడు రాత్రులు ఉపవాసముతో, జాగరణతో ప్రార్థించే కూటమున్నదని తెలిసి బస్సు టిక్కెట్లు కూడ తీశారు. బయలుదేరే ముందు దీవించమని మా దగ్గరకు వచ్చారు. అమ్మాయిని అడిగితే, సెమిస్టరు పరీక్షలకు ముందు నుండి, అంటే దాదాపు నెలన్నరగా, తాను సరిగా పడుకున్న రాత్రి ఒక్కటి కూడ గుర్తు లేదన్నది. నెలన్నరగా నిద్రలేని బిడ్డను ఇంకా మూడు రాత్రులు తిండి లేకుండా మేలుకొలిపి కూర్చోబెడితే ఏమవుతుందో ఆలోచించండి. ఆ టిక్కెట్లు రద్దు చేయించమని మేము గట్టిగానే చెప్పాము. తండ్రికి కోపము వచ్చింది. "మీకు విశ్వాసము లేదా అయ్యగారూ" అన్నాడు. ప్రార్థన ఇక్కడ కూడ చేద్దాము, నిద్రపోయే బిడ్డ కొరకు కూడ దేవుడు ప్రార్థన వింటాడు అని చెప్పాము. మరునాడు ఉదయమే జిల్లా కేంద్రములోని ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుని దగ్గరకు తోడు వెళ్ళాము. డాక్టరు గారు కూడ మొదట అడిగినది నిద్రనే. మందులు ఇచ్చారు, పడుకునే వేళ, లేచే వేళ కాగితము మీద వ్రాసి ఇచ్చారు. అమ్మాయి అమ్మమ్మ దగ్గర పడుకున్నది. నయము కావడానికి నిద్ర ఒక్కటే కారణమని మేము అనము, మందులు కూడ పనిచేసినవి. ఆమె తిరిగి కాలేజీకి వెళ్ళింది, పరీక్షలు వ్రాసింది.

ఇరువై ఏండ్ల వయస్సులో నిద్ర ఎందుకు ఇలా తప్పుతుంది? ఇంటివారు అనుకున్నట్లు ఇదంతా ఫోను చేసిన పనేనా? కొంత అంతే. అయితే దానికంటె ముందు శరీరము సంగతి తెలుసుకోవాలి. మన ఒంటిలో ఒక గడియారము ఉన్నది. ఎప్పుడు నిద్ర రావాలో, ఎప్పుడు మెలకువ రావాలో అది నడిపిస్తుంది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలలో ఈ గడియారము ఎలా నడుస్తుందో కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము ఇచ్చారు. చీకటి పడిన తరువాత మెలటోనిన్ అనే పదార్థము రక్తములో పెరుగుతుంది, అది శరీరానికి రాత్రి వచ్చిందని చెప్పే కబురు. ఈడు వచ్చినప్పటి నుండి ఈ కబురు ఆలస్యముగా అందడము మొదలవుతుంది. ఇరువై ఏండ్ల ప్రాంతములో అది అన్నిటికంటె ఆలస్యము, తరువాత మెల్లగా వెనుకకు వస్తుంది. అరవై ఏండ్ల తాతకు ఎనిమిదికే కన్ను మూతపడి, నాలుగింటికి మెలకువ రావడము ఎంత సహజమో, ఇరువై ఏండ్ల మనుమనికి పదకొండు దాటినా నిద్ర రాకపోవడము అంత సహజము. గనుక సెలవులలో మొదటి వారము బిడ్డ పొద్దెక్కేదాకా పడుకుంటే, చీపురు చప్పుడు చేసి, గిన్నెలు గట్టిగా పెట్టి లేపకండి. అక్కలారా, ఈ మాట మీకే.

అయితే కాలేజీ గంట ఈ గడియారమును చూసి కొట్టరు. తొమ్మిదికి క్లాసు అంటే తొమ్మిదికే. ఒక ప్రక్క నిద్ర రాని రాత్రి, మరొక ప్రక్క ఆగని ఉదయము. ఈ రెంటి మధ్య తరిగిపోయేది నిద్ర. తరిగేది కూడ చివరి జాము నిద్ర. 1953లో షికాగో విశ్వవిద్యాలయములో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కన్నులు వేగముగా కదిలే ఒక దశ ఉన్నదని ప్రకటించారు. బాగా గుర్తుండే కలలు ఎక్కువగా వచ్చేది ఆ దశలోనే. అది రాత్రి మొదట తక్కువగాను, తెల్లవారుజామున ఎక్కువగాను వస్తుంది. పగటి అనుభవములను, భయములను మనస్సు సర్దిపెట్టుకోవడానికి ఈ దశ తోడ్పడుతుందని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. మూడింటికి పడుకొని ఏడింటికి లేచేవాడు నిద్రలో సగము పోగొట్టుకుంటే, ఈ భాగములో సగముకంటె ఎక్కువే పోగొట్టుకుంటాడు. 2007లో అమెరికాలో కొందరు యువతీయువకులను ఒక రాత్రి నిద్రపోనివ్వకుండా ఉంచి, మరునాడు భయపెట్టే బొమ్మలు చూపుతూ మెదడు స్కానింగు తీశారు. నిద్రపోయినవారికంటె వీరి మెదడులో భయానికి, కోపానికి స్పందించే భాగము చాలా ఎక్కువగా చెలరేగింది. దాన్ని అదుపులో ఉంచే భాగముతో సంబంధము సడలింది. వార్డెను ఒక మాట అంటే మన అమ్మాయి అరగంట ఏడ్చిందంటే, తోటివాడు నవ్వినందుకు మన అబ్బాయి చేయి చేసుకున్నాడంటే, ముందు రాత్రి ఎంత నిద్రపోయారో అడిగిన తరువాతనే తీర్పు చెప్పాలి.

మరి ఆదివారము పగలంతా పడుకొని లెక్క సరిచేసుకుంటే చాలదా అని పిల్లలు అడుగుతారు. చాలదు. 2017లోనే హార్వర్డు విశ్వవిద్యాలయములో 61 మంది విద్యార్థుల నిద్రను 30 రోజులు గమనించారు. వేళ తప్పకుండా పడుకునేవారు, వేళాపాళా లేకుండా పడుకునేవారు, ఇద్దరూ మొత్తము మీద ఇంచుమించు అన్నే గంటలు నిద్రపోయారు. అయినా వేళ లేనివారికి మార్కులు తక్కువ వచ్చినవి, వారి ఒంటి గడియారము రెండు గంటలకు పైగా వెనుకబడి ఉన్నది. మన జిల్లాల నుండి కువైటుకు పనికి వెళ్ళిన అక్కాచెల్లెండ్రు చాలామంది ఉన్నారు గనుక మీకు సులువుగా అర్థమవుతుంది: అక్కడి గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. ఈ పిల్లలు కూర్చున్నది ఇక్కడి క్లాసులో, వారి శరీరము ఉన్నది కువైటు వేళలో! 2023లో ప్రచురించిన మరొక పరిశీలనలో, అమెరికాలో మొదటి సంవత్సరము చదివే ఆరు వందల మందికి పైగా విద్యార్థుల చేతికి నిద్రను కొలిచే పట్టీలు కట్టి చూశారు. టర్ము మొదట్లో నిద్ర తక్కువైనవారికి టర్ము చివర మార్కులు తగ్గినవి. ఆరు గంటలకంటె తక్కువ పడుకునేవారి విషయములో ఇది మరీ స్పష్టముగా కనబడింది. మార్కుల కొరకే నిద్ర మానేవారు ఈ మాట ఒకటికి రెండుసార్లు చదవాలి.

హాస్టలు సంగతి కూడ న్యాయముగా చెప్పాలి. ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది. ఒకరు చదువుతుంటే లైటు ఆర్పడానికి లేదు. 2016 తరువాత ఇంటర్నెట్టు చవకైపోయి, ప్రతి దిండు క్రింద ఒక సినిమా హాలు వచ్చింది. కొందరు అబ్బాయిలు ఇంటికి భారము కాకూడదని రాత్రి పన్నెండు వరకు బండి మీద తిండి పొట్లాలు చేరవేసి వస్తున్నారు, వారిని బద్ధకస్తులనడము పాపము. దోమలు, నల్లులు సరేసరి. నల్లుల మంచము మీద ఎంతటి క్రమశిక్షణ గలవానికైనా నిద్ర పట్టదు! మంచి దోమతెర ఒకటి, కన్నులకు కట్టుకొనే నల్లని గుడ్డ ఒకటి కొని పంపండి. బిడ్డకు పంపే పచ్చళ్ళ సీసాలకంటె అవి ఎక్కువ మేలు చేయవచ్చు.

బిడ్డలు చేయగలిగినవి కొన్ని ఉన్నవి. నిద్రలేమికి మందులకంటె ముందుగా అలవాట్లను, ఆలోచనలను సరిచేసే పద్ధతినే వాడాలని అమెరికా వైద్యుల సంఘమొకటి 2016లో సిఫారసు చేసింది. అందులో ముఖ్యమైన సూత్రమును రిచర్డ్ బూట్‌జిన్ అనే ఆయన 1972లోనే చెప్పాడు: మంచము నిద్రకే. అక్కడ చదవకూడదు, తినకూడదు, ఫోను చూడకూడదు. ఎంతకూ నిద్ర పట్టకపోతే లేచి వేరే చోట కూర్చొని, కన్నులు బరువెక్కినప్పుడే తిరిగి పడుకోవాలి. హాస్టలులో మంచము తప్ప వేరే చోటు ఏదయ్యా అని మీరు అడుగుతారు, నిజమే. మన తాతలు ఏమి చేసేవారు? తెల్లవారగానే చాప చుట్టి మూలన నిలబెట్టేవారు. అలాగే పగలు పరుపు చుట్టిపెట్టి, వట్టి బల్ల మీద కూర్చొని చదువుకోవచ్చు. రాత్రి పరచినప్పుడే అది పడక. పడుకునే వేళ ఒకనాడు తప్పినా, లేచే వేళ తప్పనివ్వకూడదు. లేవగానే పది నిమిషాలు ఎండలో నిలబడితే ఒంటి గడియారము కొంత ముందుకు జరుగుతుంది. కాఫీ, టీ మధ్యాహ్నముతో సరి. కాఫీలోని కెఫీన్‌లో సగము పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, రాత్రి పదింటికి త్రాగినదానిలో సగము మూడింటికి కూడ ఒంటిలోనే ఉంటుంది.

తల్లిదండ్రులకు మేము చెప్పేది ఒక్కటి. ఇంటి అప్పు సంగతి, పొలము తగాదా సంగతి, అన్నదమ్ముల మాటలు రాత్రి ఫోనులో బిడ్డకు చెప్పకండి. మీరు చెప్పి మనస్సు తేలిక చేసుకొని పడుకుంటారు. ఆ బరువు అక్కడ దుప్పటి క్రింద తెల్లవార్లు మేలుకొని ఉంటుంది. చెప్పక తప్పకపోతే ఆదివారము మధ్యాహ్నము చెప్పండి.

సంఘములు కూడ ఈ విషయము ఆలోచించాలి. పరీక్షల కాలములో యౌవనస్థుల కొరకు రాత్రంతా ప్రార్థనలు పెట్టడము చాలాచోట్ల వాడుక. ప్రార్థన వద్దని మేము అనము, అనలేము. కాని మరునాడు పరీక్ష వ్రాసే బిడ్డ కొరకు పెద్దవారు మేలుకొని ప్రార్థించవచ్చు గదా, బిడ్డను పడుకోనివ్వవచ్చు గదా? మా సంఘములో విద్యార్థుల ప్రార్థన సాయంత్రము ఆరున్నరకు పెట్టి ఎనిమిదికి ముగిస్తున్నాము. పౌలుగారి ప్రసంగము అర్ధరాత్రి వరకు సాగినప్పుడు ఐతుకు అనే యౌవనుడు కిటికీలో నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిన సంగతి మీకు తెలుసు. వ్రాసినవారు ఆ యౌవనుని ఎక్కడా నిందించలేదు. ఏలీయా సంగతి ఇంకా గమనించదగినది. చావును కోరుకుంటూ చెట్టు క్రింద పడియున్న ఆ ప్రవక్తకు దూత మొదట ఉపదేశము చేయలేదు. ఆయన నిద్రపోయాడు, దూత లేపి రొట్టె, నీరు చూపించాడు, తిని మళ్ళీ పడుకున్నాడు. రెండవసారి తిన్న తరువాతనే ప్రయాణము. "ఇక్కడ నీకేమి పని" అన్న ప్రశ్న హోరేబు చేరిన తరువాత గాని రాలేదు. కుంగిపోయి ఇంటికి వచ్చిన బిడ్డకు ప్రశ్నలు వేసే ముందు ఎన్ని రాత్రులు నిద్ర ఇవ్వాలో దీనినిబట్టి ఆలోచించండి.

ఇంతవరకు వ్రాసినది చదివి, అన్నిటికీ నిద్రే మందు అని ఎవరూ అనుకోకూడదు. కొన్ని గుర్తులు కనబడితే ఇంటిలో కాలయాపన చేయకూడదు. రెండు వారాలకు మించి నిద్ర సరిగా లేకుండా దిగులు వీడకపోతే, తెల్లవారుజామున రెండు మూడింటికే మెలకువ వచ్చి గుండె బరువుగా ఉంటే, లేదా పన్నెండు గంటలు పడుకున్నా లేవలేకపోతే, డాక్టరుకు చూపాలి. రెండు మూడు గంటలే పడుకొని, అలసటే లేకుండా, గుక్క తిప్పుకోకుండా గొప్ప గొప్ప మాటలు చెబుతూ, డబ్బు నీళ్ళలా ఖర్చు చేస్తుంటే అది ఆత్మ నింపుదలా, మంచి హుషారా అని మురిసిపోకండి. అది వైద్యము కావలసిన జబ్బు కావచ్చు. నిద్రమాత్రలు మందుల షాపులో స్నేహితుడు తెచ్చి ఇచ్చినవి మింగకూడదు, అవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనివి, అలవాటైతే మానడము కష్టము. ఎర్రగడ్డ అన్నా, విశాఖ ఆసుపత్రి అన్నా మనవారు ఎగతాళికి వాడే మాటలైపోయినవి. ఆ ఎగతాళికి భయపడి బిడ్డను ఇంటిలో దాచినవారు ఎందరో ఉన్నారు.

ఎందుకు ఇంత గట్టిగా వ్రాస్తున్నామంటే, ప్రభుత్వ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఒక్క సంవత్సరములో! "నేను లేకపోతే మీకే నయము" వంటి మాట బిడ్డ నోట వస్తే కోప్పడకండి, తేలికగా తీసుకోకండి, ఒంటరిగా వదలకండి. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. 14416 అనే నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. దీని పేరు టెలి మానస్, కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించింది. విశాఖపట్నములో చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని విషయములో తీర్పు చెబుతూ, నూరుమంది లేక అంతకంటె ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల సలహాదారు ఒకరైనా ఉండాలని సుప్రీం కోర్టు 2025 జూలైలో ఆదేశించింది. ఫీజు కట్టడానికి వెళ్ళినప్పుడు "మీ సలహాదారు ఎవరండి, ఏ గదిలో ఉంటారు" అని ఆఫీసులో అడగడానికి మీకు హక్కు ఉన్నది. తలవంచుకొని అడగనక్కరలేదు.

చివరగా, అమెరికాలో చదువుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఆదివారము ఆరాధన ముగియగానే గుడి ముందర చెట్టు క్రింద నిలబడి అబ్బాయికి ఫోను కలిపి, "ఇదిగో అయ్యగారితో మాట్లాడు, ఇదిగో పెద్దమ్మతో మాట్లాడు" అని చేతులు మార్చడము చూస్తున్నాము. చూడ ముచ్చటగానే ఉంటుంది. అయితే మన మధ్యాహ్నము పన్నెండు గంటలు అంటే, వేసవిలో డల్లాసులో రాత్రి ఒకటిన్నర, న్యూయార్కులో రెండున్నర. చలికాలములో ఇంకొక గంట తక్కువ. పగలు చదువు, సాయంత్రము పని ముగించుకొని ఆ అబ్బాయి అప్పుడే కన్ను మూసి ఉంటాడు, లేదా మీ ఫోను కొరకే మేలుకొని ఉంటాడు. నిద్రపోతున్నానని మాత్రము మీతో చెప్పడు. సాయంత్రము ఏడున్నరకు చేయండి. డల్లాసులో అప్పుడు వేసవిలోనైతే ఉదయము తొమ్మిది, చలికాలములోనైతే ఎనిమిది గంటలు.